శనివారం టిక్కులు

ఆ రోజు ఇంట్లో మొత్తం ఆరుగురం. సోఫాలో పెదనాన్న, ఆయన పక్కన కింది ఫ్లాటు పద్మనాభం అంకుల్, ఎదురుగా కేన్ కుర్చీలో సాకేత్ కాలనీ నుంచి వచ్చిన ఛాయాదేవి ఆంటీ. వంటింటి గుమ్మంలో, చీలమండకు పట్టీ కట్టుకుని స్టూలు మీద పెద్దమ్మ. లోపలి గదిలో టీవీ ముందు పెదనాన్న వాళ్ళమ్మాయి, నాకు చెల్లెలయ్యే చాందిని. పకోడీల పళ్ళెం పట్టుకుని, ముందు ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నేను. బాల్కనీలో కూలర్ మీద కూర్చున్న రెండు పావురాలను కలుపుకుని డైరీలో ఎనిమిది అని రాశాను. 1997 నవంబరు రెండు, ఆదివారం. దీపావళి వెళ్ళి మూడు రోజులు.

ఆ డైరీ మూడేళ్ళ కిందటిది. ఆఫీసులో మిగిలిపోతే పెదనాన్న నాకు తెచ్చిచ్చారు. తేదీకి వారం కుదరదు కనుక అచ్చులో ఉన్న వారం కొట్టేసి అసలు వారం పైన రాసుకుంటాను. పెద్దమ్మ మెట్ల మీద జారిపడిందని, నేను పది పాసై ఊళ్ళో ఖాళీగా ఉన్నానని, అమ్మ నన్ను గూడూరులో తెలిసినవాళ్ళతో ఢిల్లీ రైలెక్కించింది. వచ్చే జూన్‌లో ఇక్కడే పదకొండులో చేర్పిస్తానని పెదనాన్న మాటిచ్చారు. మా బడిలో నేను లేచి నిలబడి పాఠం చదివితేనే అయ్యవారు ఆశ్చర్యపోయేవారు. ఆర్.కె. పురంలో హిందీ కూడా రాకపోయేసరికి ఉన్న నోరు కూడా మూతపడింది. అందుకని రాసుకోవడం ఎక్కువైంది.

పెదనాన్న పేరు సదాశివరావు. సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. ఆదివారాలు మాత్రం ఆయన పక్షి మిత్ర సమితి మనిషి. సమితిలో నలభై మంది దాకా ఉండేవారు. ఎండాకాలం కాలనీలన్నిటికీ మట్టి మూకుళ్ళు పంచి మేడల మీద నీళ్ళు పెట్టించేవారు. ఆగస్టు పదిహేనుకు ఇక్కడ జరిగే గాలిపటాల పండగ అయ్యాక చెట్లకు చిక్కుకున్న మాంజా దారాలు నిచ్చెనలేసుకుని తీసేవారు. చలికాలం ఆదివారాలు తెల్లవారక ముందే యమున దగ్గరికి వెళ్ళి పక్షుల్ని లెక్కపెట్టి, తర్వాత అక్కడే ఫ్లాస్కుల్లో టీ, ఎవరింటి నుంచో వచ్చిన టిఫిను. ఏటా ఒకసారి కాలనీ పిల్లలను బస్సుల్లో తీసుకువెళ్ళి ఒక పక్షిని చూపిస్తారు. ఈ ఏడు ఏ పక్షి అన్నది తేల్చడానికే ఆ రోజు మా ఇంట్లో సమావేశం.

"పోయినేడు పిచ్చుక. అంతకుముందు పాలపిట్ట. అన్నీ ముద్దొచ్చేవే," అన్నారు ఛాయాదేవి ఆంటీ. ఆవిడ సమితికి అధ్యక్షురాలు, రిటైరైన ప్రిన్సిపాల్. హైదరాబాదు వదిలి ముప్పై ఏళ్ళయినా ఆ మాటతీరు వదల్లేదు. "ఈసారి ఎవరూ ముద్దు చెయ్యని దాన్ని తీసుకుందాం. రాబందు."

"శివ శివా!" పెద్దమ్మ స్టూలు మీద నుంచి సగం లేచింది. "ఇంట్లో ఆ పేరెత్తొద్దమ్మా. మా పక్క అది ఇంటి మీద వాలితే ఆర్నెల్లు ఇల్లు పాడుబెట్టి పోతారు."

"అచ్ఛా, అందుకే గదా సుభద్రగారూ! ఊరంతటి కుళ్ళు తిని మనకు రోగాలు రాకుండ చూస్తది. దాని పేరెత్తితే ఏమైతది?"

"నా మట్టుకు నేను పకోడీ పేరు తప్ప ఏ పేరూ ఎత్తనండీ బాబూ," అని పద్మనాభం అంకుల్ నా చేతిలోని పళ్ళెం అందుకున్నారు. దాంతో ఎవరికి ముందివ్వాలన్న నా బాధ తీరింది.

"ఎన్ని ఉంటయి సదాశివరావుగారూ? పోయినంక పిల్లలకు కనపడాలె మరి."

పెదనాన్న చూడకుండానే చెప్పగలరు. అయినా ఒళ్ళోని ఫైలు విప్పి, కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి చూసి చెప్పారు. "ఓఖ్లా అవతల, యమున కట్ట పక్కన ఎండిపోయిన బూరుగ చెట్లున్నాయి కదండీ, చచ్చిన గొడ్లను పడేసే చోటు దగ్గర. నలభైకి తగ్గవు. ఎనభై ఏడు నుంచి నా దగ్గర లెక్కుంది."

"బస్. రెండు బస్సులు మాట్లాడుదాం. ఫిబ్రవరి ఒకటి, ఆదివారం. ఇంకో మాట." ఆంటీ చేతి రుమాలుతో నూనె తుడుచుకుని ఫైలు మీద చెయ్యి వేశారు. "ఈ పదేళ్ళ లెక్క మొత్తం సమితి పుస్తకంగ వేస్తది. మీ పేరు మీద. ఆ రోజే అందరికీ చెప్తా."

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఫైలుకు తాడు కట్టడం మొదలుపెట్టారు. కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టారు. మార్చి ముప్పై ఒకటిన ఆయన రిటైరవుతారు. ముప్పై ఆరేళ్ళు ఆయన రాసిన నోట్ల కింద పైవాళ్ళు సంతకాలు పెట్టారు. ఆయన పేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారి అని పెద్దమ్మ ఆ సాయంత్రం గిన్నెలు సర్దుతూ నాతో అంది. "పక్షుల పిచ్చి అనుకున్నా ఇన్నాళ్ళూ. పోనీలే, ఆ పుస్తకం వస్తే ఆయన గాల్లో తేలతాడు. ఆ పేరు మాత్రం ఇంట్లో వద్దబ్బా." అందుకని డైరీలో కూడా ఆ పేరు రాయకుండా 'పెద్దలు' అని రాయడం మొదలుపెట్టాను. దీపం పెట్టే ఇంట్లో డైరీ కూడా ఉంటుంది కదా.

*

తర్వాతి శనివారం సాయంత్రం పెదనాన్న భోజనాల బల్ల మీద సైక్లోస్టైల్ కాగితం పరిచారు. ఎడమ పక్క నూట అరవై పక్షుల పేర్లు, కుడి పక్క టిక్కు పెట్టే గడి, దాని పక్కన ఎన్ని అని రాసే గడి. ఆదివారం చూడబోయే పక్షులకు శనివారమే టిక్కులు పెడుతున్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ చూస్తున్నాను. కాకి, పావురం, గోరింక, పిచ్చుక, రామచిలుక, గద్ద. ఒక్కో టిక్కు చకచకా పడిపోతోంది.

ఆయనతో నేనుగా మాట్లాడిన మొదటి మాట అదేనేమో. "పెదనాన్నా, చూడకుండానే పెడుతున్నారే?"

ఆయనకు కోపం రాలేదు, సరదా పుట్టింది. "ఇవన్నీ పర్మనెంట్ స్టాఫ్ అమ్మా. రోజూ ఉండేవాళ్ళే. వీళ్ళకు అక్కడ నిలబడి హాజరు వేస్తా కూచుంటే, సైబీరియా నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన బాతుల్ని ఎవరు చూస్తారు? ఆ చలిలో చేతులు వంకర్లు పోతాయి. తెలిసినవి ఇంట్లోనే పెట్టేసుకుంటే రేపు కొత్తవి రాసుకోవచ్చు. ఆఫీసులో అయినా అంతే. పోయినేటి ఫైలు చూసి, మారనివి అట్టాగే దించేసి, మారినవి మాత్రం కొత్తగా రాయాలి."

పాత కాగితం ఒకటి పక్కన పెట్టుకుని దించుతున్నారు. రాబందు పేరు దగ్గర టిక్కు పెట్టి, పక్క గడిలో 42 అని రాశారు. పెద్దమ్మకు వినిపించకుండా నాకు కన్ను కొట్టి, "వీళ్ళు సీనియర్లు," అన్నారు.

మర్నాడు పద్మనాభం అంకుల్ మారుతీ వ్యానులో వెళ్ళాం. చాందిని కూడా వచ్చింది, తిరిగి వచ్చేటప్పుడు ఐస్‌క్రీం కొనిపెడతామంటే. కట్ట మీద అందరూ నదివైపు తిరిగి వరసగా నిలబడ్డారు. బైనాక్యులర్లన్నీ నీళ్ళ మీదే. "అదిగో", "ఎక్కడండీ", "ఆ గడ్డి పక్కన", "అబ్బ, మునిగింది". నాకు ముందుకు వెళ్ళాలంటే సిగ్గు. బైనాక్యులర్లూ లేవు. అందరి వీపుల వెనక నిలబడితే కనిపించేది కట్టకు ఇటువైపే. చచ్చిన పశువుల్ని పడేసే మైదానం, దాని అంచున ఐదు బూరుగ చెట్లు.

చెట్ల మీద ఏమీ లేవు. కొమ్మల మీద సున్నం పూసినట్టు తెల్లటి మరకలు. కింద కుక్కలు. ఇరవై మూడు లెక్కపెట్టి ఆపేశాను.

రిక్షా బండి మీద చచ్చిన బర్రెను వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. కుక్కలను కర్రతో అదిలిస్తున్నాడు. చాందిని ముక్కు మూసుకుంది. నేను దాని చెయ్యి లాగి, అడగమని చెట్లు చూపించాను. అది హిందీలో అడిగింది. ఆయన చెట్లవైపు చూడకుండానే చెయ్యి ఊపాడు.

"క్యా బోలా?" అన్నాను. నాకొచ్చిన పది హిందీ మాటల్లో అవి రెండు.

"గిద్ధ్ రావట్లేదంట. పోయిన ఇయర్ సే కమ్ అయిపోయాయంట. ఇప్పుడు ఓన్లీ కుత్తే," అంది చాందిని. గిద్ధ్ అంటే మా పెద్దలేనని, అవి తగ్గిపోయి కుక్కలే మిగిలాయని నాకు అర్థమైంది. "దీదీ, చలో న, స్మెల్!"

టీ తాగేటప్పుడు పెదనాన్న పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన కాగితం నిండా కొత్త బాతులు. మొహం వెలిగిపోతోంది.

"పెదనాన్నా, ఆ చెట్ల మీద పెద్దలు లేరు."

"ఎవరు?" అని, అర్థమై నవ్వారు. "ఎండెక్కింది కదా, లేచి పోయుంటాయి."

"ఆదివారం కదండీ, సెలవు పెట్టుంటాయి," అన్నారు పద్మనాభం అంకుల్ పెద్దమ్మ పంపిన పులిహోర నోట్లో పెట్టుకుంటూ. అందరూ నవ్వారు. కాగితం మీద 42 అట్లాగే ఉంది.

డైరీలో రాశాను: నవంబరు 9, ఆదివారం. పెద్దలు లేరు. కుక్కలు 23, ఇంకా ఉన్నాయి. పోయినేటి నుంచే తగ్గాయని బండి ముసలాయన అన్నాడు.

*

నవంబరు, డిసెంబరు ఎట్లా గడిచాయో తెలియదు. పెద్దమ్మ పట్టీ విప్పారు. కర్ర పట్టుకుని నడవసాగింది. కాలనీ కమ్యూనిటీ హాల్లో శనివారం మధ్యాహ్నాలు పిల్లలతో రాబందు ముసుగులు చేయించే పని సమితి వాళ్ళు నాకు అప్పజెప్పారు. అప్పజెప్పింది ఆంటీయే. "మాట్లాడకున్నా పర్వాలేదు బేటా, చేతులతో చూపించు," అన్నారు. పెదనాన్న ఆఫీసులో పారేయబోయే పాత ఫైలు అట్టలు కట్టలు కట్టి స్కూటరు మీద తెచ్చారు. కళ్ళకు రెండు రంధ్రాలు, వంగిన ముక్కు, మెడ చుట్టూ దూది. ఈకలు లేని మెడకు ఏం రంగు వెయ్యాలో పిల్లలు అడిగేవారు. "గులాబీ," అనేదాన్ని. తర్వాత "థోడా మైలా గులాబీ" అనడం వచ్చింది. మాసిన గులాబీ. ఫైలు అట్టల వెనక ఎవరెవరివో పేర్లు, నంబర్లు ఉండేవి. పిల్లలు నన్ను దీదీ అనేవారు. ఒక శనివారం హాల్లో నేను ఏకంగా పది నిమిషాలు మాట్లాడానని డైరీలో ఉంది.

ఆ ముసుగులను పెద్దమ్మ గడప దాటనివ్వలేదు. రెండు అట్టపెట్టెల్లో పెట్టి మెట్ల కింద స్కూటరు పక్కన ఉంచాం.

ఆదివారాలు వెళుతూనే ఉన్నాం. మంచు మరీ ఎక్కువైన మూడు వారాలు తప్ప. వెళ్ళిన ప్రతిసారీ నేను వెనక్కి తిరిగి చెట్లను చూశాను. డిసెంబరులో ఒకరోజు స్కూటరు మీద పెదనాన్న వెనక కూర్చుని మార్కెట్టు నుంచి కూరగాయలతో వస్తుంటే, మొహం కనపడదు కదా అన్న ధైర్యంతో ఆయన వీపుకు చెప్పాను.

"పెదనాన్నా, ఆ పక్షులు నాకు ఒక్కసారి కూడా కనపడలేదు."

స్కూటరు సిగ్నల్ దగ్గర ఆగింది. "పదేళ్ళుగా ఉన్నవి ఒక్క ఏడు లేకుండా యాడికి పోతాయమ్మా? మంచు. దానికి తోడు నీకు బైనాక్యులర్స్ కూడా లేవాయె." సిగ్నల్ మారాక గేరు వేస్తూ, "నా తప్పే. పిల్లను వట్టి కళ్ళతో నిలబెడుతున్నా," అన్నారు.

తర్వాతి ఆదివారం ఆయన తన బైనాక్యులర్లు తీసి నా మెడలో వేశారు. తోలు పట్టీ ఆయన మెడ వేడికి వెచ్చగా ఉంది. తను వట్టి కళ్ళు చిట్లించుకుని బాతులను చూస్తూ, పక్కవాళ్ళను అడిగి పేర్లు రాసుకున్నారు. నేను చెట్లను చూశాను. కొమ్మల గరుకు, పాత గూళ్ళలో పుల్లలు, ఒక గూడులోంచి వేలాడుతున్న గుడ్డపీలిక, అన్నీ చేతికి అందేట్టు కనిపించాయి. పక్షి లేదు.

తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇప్పుడు బాగా కనపడ్డాయా?" అని అడిగారు. ఆయన అడిగింది నదినంతా కలిపి. నేను "ఊఁ" అన్నాను. బాగానే కనపడింది మరి.

మూడోసారి చెప్పడం నా వల్ల కాలేదు. ఫిబ్రవరిలోగా వచ్చేస్తాయేమో అనుకున్నాను. మా ఊరి చెరువుకు గూడబాతులు ఒక్కో ఏడు నెల ఆలస్యంగా వచ్చేవి. వచ్చేవి కదా, అని నాకు నేనే చెప్పుకున్నాను. పుస్తకానికి అట్ట ఎట్లా ఉండాలో పెదనాన్న అప్పటికే రెండు రకాలుగా గీసి పెట్టుకున్నారు.

*

ఫిబ్రవరి ఒకటిన మంచు లేదు. ఎండ తేటగా కాసింది. ఇక మంచు మీదికి తోసెయ్యడానికి లేదు.

రెండు బస్సులు, డెబ్బై ఇద్దరు పిల్లలు. దారంతా అంత్యాక్షరి. పద్మనాభం అంకుల్ ప్రతి పాటనూ సగంలో అందుకుని మిగతా సగం తనే పాడేశారు. కాలనీ సంఘం కార్యదర్శి, నలుగురైదుగురు తల్లులు కూడా వచ్చారు. పెదనాన్న ఇస్త్రీ చేసిన స్వెట్టరు వేసుకున్నారు. ఊలు స్వెట్టరుకు ఇస్త్రీ ఏమిటని పెద్దమ్మ నవ్వింది కూడా.

కట్ట దిగగానే పిల్లలు ముసుగులు కట్టుకుని పరిగెత్తారు. చెట్ల దగ్గరికి వెళ్ళి, తలలెత్తి ఆగిపోయారు. డెబ్బై రెండు వంకర ముక్కులు పైకి చూస్తున్నాయి. ఆ పొద్దున ఆ మైదానంలో ఉన్న రాబందులు అవే.

"దీదీ, గిద్ధ్ కహాఁ హైఁ?" అని ఒక పిల్ల నా కొంగు లాగింది. ఓణీ కొంగు చేతికి చుట్టుకుని నిలబడ్డాను.

ఛాయాదేవి ఆంటీ నెమ్మదిగా నడిచివచ్చారు. చెట్లను చూసి, పెదనాన్నను చూశారు. "సదాశివరావుగారూ?"

పెదనాన్న బైనాక్యులర్లు కళ్ళకు పెట్టుకున్నారు. ఆ చలికాలం మొత్తంలో ఆయన ఆ చెట్లవైపు వాటిని తిప్పడం నేను చూసింది అప్పుడే. ఒక్కో చెట్టూ చూశారు. మళ్ళీ మొదటి చెట్టుకు వచ్చారు. అంతసేపు ఎందుకు చూస్తున్నారో నాకు తెలుసు, కనీసం రెట్టల గుర్తయినా కనపడుతుందేమోనని. జనవరి వానకు కొమ్మల మీద తెల్లమరకలు కూడా కడుక్కుపోయాయి.

"లేచి పోయినట్టున్నాయండీ. మొన్న ఆదివారం ఉన్నాయి. లిస్టులో ఉంది. నలభై రెండు." ఆయన గొంతులో అబద్ధం లేదు. లిస్టులో ఉందంటే ఉన్నట్టే. నావైపు తిరిగారు. "పూర్ణ ప్రతివారం డైరీ రాస్తుంది. ఏమ్మా, మొన్న ఉన్నాయి కదా?"

ఆంటీ, కార్యదర్శి, తల్లులు, పద్మనాభం అంకుల్ అందరూ నావైపు చూశారు. మామూలుగా అయితే అంతమంది చూస్తే నాకు గొంతు రాదు.

"ఉన్నాయి ఆంటీ," అన్నాను. "నలభై పైనే ఉన్నాయి. మొన్న పొద్దున్నే చూశాను."

మాట ఎక్కడా తడబడలేదు. ఢిల్లీలో నేను అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు.

"హాఁ, మరి! పిల్ల చూసింది కదా," అని ఆంటీ ఊపిరి వదిలారు. వెంటనే చప్పట్లు కొట్టి పిల్లలను పోగుచేశారు. ఇవాళ పెద్ద పక్షులు వేరే ఊరికి భోజనానికి వెళ్ళాయని, వాటి డ్యూటీ మీరు చెయ్యాలని హిందీలో చెప్పారు. పిల్లలు చేతులు చాపుకుని మైదానం అంచున గుండ్రంగా పరిగెత్తారు. మనుషులు పడేసిన ప్లాస్టిక్ సంచులు ముక్కుల్తో ఏరినట్టు ఏరి గోనెలో వేశారు. కేకలు, నవ్వులు. కార్యదర్శి ఫోటోలు తీశారు. చూసినవాళ్ళెవరైనా చాలా బాగా జరిగిందనే అంటారు.

టీ దగ్గర ఆంటీ పుస్తకం సంగతి అందరికీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. పెదనాన్న నమస్కారం పెట్టారు కానీ కళ్ళు చెట్ల మీదే ఉన్నాయి. ఆంటీ నా భుజం మీద చెయ్యి వేశారు.

"నీ డైరీ కూడ కావాలె బేటా. పెదనాన్న లెక్క పక్కన నీ లెక్క రెండు పేజీలు వేస్తా. చిన్నపిల్ల సొంతంగ చూసి రాసింది, జనం నమ్ముతరు. రేపు ఆయనతోటి పంపు."

తల ఊపాను.

*

మూడు గంటలకు ఇంటికి చేరాం. చాందిని సోఫాలో పడి నిద్రపోయింది. పెదనాన్న స్వెట్టరు కూడా విప్పకుండా తన గదిలోకి వెళ్ళారు. గది అంటే బాల్కనీలో సగం మూయించి ప్లైవుడ్ తలుపు పెట్టించుకున్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, అటక మీద ఫైళ్ళు.

నేను డైరీ తీసుకుని వంటింట్లో కూర్చున్నాను. నవంబరు పేజీలు, డిసెంబరు పేజీలు, జనవరి పేజీలు చించేస్తే పని అయిపోతుంది. మొదటి పేజీ అంచు పట్టుకున్నాను కూడా.

"పూర్ణా," అని పిలుపు. "డైరీ ఒకసారి ఇయ్యమ్మా. మొన్న ఆదివారం పేజీ చూద్దాం."

"రేపిస్తాను పెదనాన్నా. రాత బాగాలేదు, మళ్ళీ రాసి..."

ఆయన గది గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపారు. ఇచ్చేశాను.

అక్కడే నిలబడి చదివారు. జనవరి 25. తర్వాత వెనక్కి తిప్పారు. జనవరి 18. ఇంకా వెనక్కి. జనవరి అయిపోయాక డైరీ చివరికి తిప్పి డిసెంబరుకు, నవంబరుకు వెళ్ళారు. ఒక్కోచోట వేలు ఆగుతోంది. పెద్దలు లేరు. పెద్దలు లేరు. నా రాత గుండ్రంగా, స్పష్టంగా, చిన్నపిల్ల రాతలా ఉంది. స్కూటరు మీద నేను చెప్పిన రోజు పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. నేను ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మరి పొద్దున ఆంటీకి..." అని మొదలుపెట్టి ఆపేశారు. నా మొహంలోకి చూశారు. అడగాల్సింది ఇంకేమీ లేనట్టుంది.

"ఆ పేజీలు తీసేస్తాను పెదనాన్నా. ఆంటీకి వేరేది రాసిస్తా. ఎవరికీ తెలియదు."

"ఫైల్లో పేజీ చింపకూడదమ్మా," అన్నారు. ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకు చెప్పినట్టు, నెమ్మదిగా. "ముప్పై ఆరేళ్ళలో ఎన్ని తప్పులు చేశానో గానీ ఆ పని మాత్రం చెయ్యలా."

అటక మీద నుంచి ఫైలు కట్ట దించారు. తాడు విప్పి సైక్లోస్టైల్ కాగితాలు బల్ల మీద తిరగేశారు. మొదట ఈ చలికాలంవి. తర్వాత పోయిన చలికాలంవి. వాటిలోనూ 42 ఉంది. ఇంకా వెనక ఒకచోట 40, ఒకచోట మళ్ళీ 42. టిక్కులన్నీ ఒకే సిరాతో, ఒకే వాలుతో వరసగా ఉన్నాయి. ఆయన ఒక కాగితం పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు, అందులో పక్షి దాగుందేమో అన్నట్టు.

"తొంభై మూడులో చూశా. నిజంగా చూశా. కొమ్మలు వంగిపోయి ఉండేవి," అన్నారు. "తొంభై నాలుగులో... చూశానా?" ఆ ప్రశ్న నన్ను కాదు. "ఆ ముసలాయన పోయినేటి నుంచే తగ్గాయన్నాడని ఇక్కడ రాశావు. ఎప్పట్నించి తగ్గాయో చెప్పగలిగేది ఈ కాగితాలే. పదేళ్ళ నుంచి ప్రతి చలికాలం అక్కడికి పోయినవాణ్ణి నేనే. ఇప్పుడు ఎవరన్నా అడిగితే ఏం చెప్పను?"

వంటింట్లో పెద్దమ్మ కర్ర చప్పుడు ఆగింది.

పెదనాన్న డైరీని కాగితాల పక్కన పరిచి, పైకే చదివారు. "రాబందు. నవంబరు తొమ్మిది. లేదు." కాగితం తిప్పారు. "రాబందు. నవంబరు పదహారు. లేదు."

పెద్దమ్మ ఆపుతుందని ఎదురుచూశాను. ఆవిడ కర్ర మీద ఆనుకుని హాల్లోకి వచ్చి, ఆయన వీపును కాసేపు చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. టీ గిన్నె పెట్టిన చప్పుడు వినబడింది.

"చాందిని పెట్టెలో ఎర్ర పెన్ను ఉంటుంది, తెచ్చిపెట్టమ్మా," అన్నారు పెదనాన్న.

తెచ్చాను. మూత తీసి, డైరీ అట్ట మీద చిన్న గీత గీసి పనిచేస్తోందో లేదో చూసుకున్నారు. పుస్తకం అట్టకు గీసిన బొమ్మలు రెండూ బల్ల మీద నుంచి జారి కిందపడ్డాయి. నేను తీయబోతే, "ఉండనీ," అన్నారు.

"నేనూ కూర్చుంటా పెదనాన్నా. తేదీలు చదివిపెడతా. మీరు దిద్దుతూ పోతే తొందరగా అయిపోతుంది."

ఆయన కుర్చీ లోంచి లేచి వచ్చారు. కోప్పడతారనుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు.

"నువ్వు చూసినవే రాశావు. పో, టీ తాగు. ఈ టిక్కులు చూడకుండా పెట్టినోణ్ణి నేను," అంటూ ప్లైవుడ్ తలుపు మెల్లిగా లాగి వేసేశారు.